తెరిచే ఉన్న కుళాయి

కరోనా తగ్గి బడులన్నీ మళ్ళీ తెరిచిన ఏడాది. మేడ్చల్ దాటాక విమానాలు నడపడం నేర్పే బడి ఒకటుంది. అందులో నాది విమానాలు తుడిచే పని. వాటిని నిలిపే పెద్ద షెడ్డును హ్యాంగర్ అంటారు. మా హ్యాంగర్‌లో రెండు రకాలుండేవి. రెండూ తెల్లవే, రెండిట్లోనూ ఇద్దరే కూర్చుంటారు, ముందు ఒకటే ఇంజను. ఒకదానికి రెక్కలు నెత్తిమీద, ఇంకోదానికి కాళ్ళకింద. తుడిచే నాకు తెలిసిన తేడా ఒక్కటే, పైరెక్కకు నిచ్చెన కావాలి.

నడిపేవాళ్ళకు వేరే తేడాలుంటాయని నాగారం నుంచి వచ్చే స్వప్న చెప్పింది. పైరెక్క విమానం మీద నేర్చుకుని, అప్పుడప్పుడే కిందిరెక్క దానికి మారిన పిల్ల.

"పైరెక్క దాన్లకెల్లి చెర్వు, చేన్లు మంచిగ కనవడ్తయవ్వా. దీన్ల రెక్క అడ్డమొస్తది. దిగేటప్పుడు గూడ జల్ది నేల మీద కూసోదు, తేలుకుంట పోతది. అయినా నాకిదే ఇష్టం. మస్తు మాటింటది."

"ఇష్టం సంగతి తర్వాత. బూట్లు దులుపుకొని రెక్కెక్కు. ఇప్పుడే తుడిసిన" అన్నాను.

ఆ కిందిరెక్క దాంట్లో, పక్కన ఎవరూ లేకుండా ఒక్కతే శామీర్‌పేట చెరువు వైపు ఎగిరిపోయింది. దాన్ని సోలో అంటారు. నేను రేడియో గది కిటికీ తుడుస్తున్నాను. రేడియోలో ఎప్పుడూ ఇంగ్లీషే. ఆ రోజు మాత్రం ఆ పిల్ల తెలుగులో అరిచింది.

"సార్, ఇంజన్ దగ్గుతాంది!"

నేర్పే కెప్టెన్ సారు మైకు అందుకున్నాడు. "ఫ్యూయల్ సెలెక్టర్ చూడు." అంటే పెట్రోలు కుళాయి.

"తెరిచే ఉంది సార్! అయ్యో, ఆగిపోయింది. కిందికొస్తున్న. చేను జూద్దామంటే రెక్క అడ్డముంది."

సారు గొంతు తగ్గించి అడిగాడు. "స్వప్నా, కుళాయి ఏ దిక్కుకుంది?"

"ఎడమకు."

"కుడికి తిప్పు. ఫ్యూయల్ పంపు వెయ్యి."

ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. సారు పిలుస్తూనే ఉన్నాడు. నా చేతిలోని గుడ్డ నీళ్ళు కాళ్ళమీద కారుతున్నా తెలియలేదు.

"ఇంజన్ అందుకుంది సార్. వస్తున్న."

ఆమె దిగాక సారు చెప్పాడు. పైరెక్క విమానంలో రెండు రెక్కల పెట్రోలూ దానంతటదే కిందికి దిగుతుంది, కుళాయి తెరిచి ఉంటే చాలు. కిందిరెక్క దాంట్లో ఒకసారికి ఒక రెక్కలోంచే వస్తుంది, పైలటే గుర్తుపెట్టుకుని మార్చాలి. ఎడమ ట్యాంకు ఖాళీ అయింది, కుడిది నిండుగా ఉంది. ఈ పిల్ల పాత అలవాటు కొద్దీ, తెరిచి ఉందా లేదా అనే చూసింది.

"తిట్టు అవ్వా" అంది స్వప్న, రెక్క మీదే కూలబడి.

"తిట్టనీకి సారున్నడు. ఏడుపాపి నీళ్ళు తాగు."

రెండూ పూర్తిగా వేరైతే ఆ పిల్ల భయపడి మొదటినుంచీ నేర్చుకునేది. ఇంచుమించు ఒకటే కావడంతో, మిగిలిన ఆ కాస్త తేడా ఆమె కంటికి ఆనలేదు. ఒక్కతీరున్న పనులు చేసేటప్పుడే ఎక్కువ మెలకువగా ఉండాలని నేను తెలుసుకున్నది ఆ రోజే.

మర్నాడు నేను వెళ్ళేసరికి స్వప్న, ఆగి ఉన్న ఆ విమానంలో కళ్ళు మూసుకుని కూర్చుని, ఎడమ మోకాలి దగ్గరి కుళాయిని అటూ ఇటూ తిప్పుతోంది. నన్ను చూసి సిగ్గుపడి దిగబోయింది.

"కూసో. ఆగిన ఇమానంల పెట్రోలు కాలదు. ఇంకింత సేపు తిప్పు" అన్నాను.