కాళ్లకు అందని బండి

రెడీమేడ్ ప్యాంట్లు కుట్టేవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. నడుము కొలత ఎంత కావాలంటే అంత ఇస్తారు, పొడవు మాత్రం అందరికీ ఒకటే పెడతారు. ఆ పొడవుకు సరిపోయే మనిషి ఎక్కడో ఉండే ఉంటాడు. గుంటూరులో నాకింతవరకూ తారసపడలేదు. కొన్న ప్రతి ప్యాంటునూ దర్జీ దగ్గరికి తీసుకెళ్లి కింద జానెడు కత్తిరించాలి. ఆ ముక్కల్ని మా ఆవిడ దాచిపెట్టి, పొయ్యి మీది గిన్నెలు దించడానికి మసిగుడ్డలుగా వాడుతుంది. పాతికేళ్ల కాపురంలో మా వంటింట్లో మసిగుడ్డలకు ఏనాడూ కొరత రాలేదు. ఇంటికి నేను చేసిన మేళ్లలో దీన్ని కూడా వేసుకుంటాను. జాబితా మరీ చిన్నదిగా ఉండకూడదు కదా.

ఈ కాళ్లు పెట్టుకుని నలభై ఎనిమిదో ఏట నేనొక అడ్వెంచర్ టూరింగ్ బండి కొన్నాను. కొండలూ, ఎడారులూ, రోడ్డే లేని చోట్లూ దాటడానికని ప్రత్యేకంగా చేసిన మోటార్ సైకిల్ అది. మా వైపు కొండలు తక్కువ. ఎడారి లేదు. రోడ్డు లేని చోట్లకు మాత్రం లోటు లేదు కాబట్టి, కొనడంలో కొంత న్యాయం ఉందనే అనుకున్నాను. దాని బరువు సుమారు ఐదు మిర్చి బస్తాలు. దాని ధర ఇక్కడ రాయను. ఇది మా అత్తగారు కూడా చదువుతారు.

షోరూములో దాని మీద మొదటిసారి కూర్చున్నప్పుడు నా కాళ్లు రెండు పక్కలా వేలాడాయి. బొటనవేళ్లు నేలను పలకరించాయి గానీ అంతకుమించి చనువు కుదరలేదు. అమ్మే కుర్రాడు చాలా మర్యాదస్తుడు. నా కాళ్ల వంక చూడకుండా గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ, "రన్నింగులో కాళ్లతో పనేముంది సార్" అన్నాడు. నిజమే. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. గరిమనాభి గురించి ఏటా నాలుగు సెక్షన్లకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. వస్తువు గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే అది పడిపోవడం అంత సులువు. ఆ రోజు ఆ పాఠం గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చాక కూడా సంతకం పెట్టాను.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ కాదనలేదు, ఒక్క షరతు పెట్టింది.

"కొనుక్కోండి. బండి కింద పడిన రోజు మాత్రం అమ్మేద్దాం. నాలుగు చక్రాలది తీసుకుందాం. దాన్ని ఎవరూ నిలబెట్టక్కర్లేదు."

"ఇంటిముందు పడితే?"

"ఎక్కడ పడినా పడ్డట్టే."

"పడలేదు, కాస్త ఒరిగిందంతే అనుకో?"

"నేను సగం మార్కులు వెయ్యనండీ."

అలా, ఆ బండి నా దగ్గర ఉండాలంటే అది ఎప్పుడూ నిలబడే ఉండాలని ఖాయమైంది.

కొత్త బండికి నిమ్మకాయలు కట్టే అలవాటు మా ఇళ్లలో లేదు, ప్రార్థన చేయించే అలవాటు ఉంది. మొదటి ఆదివారమే మా నాన్న ఊరికి, మా సొంత చర్చికి తీసుకెళ్లాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆరాధన అయ్యాక బయటికొచ్చి బండి మీద చెయ్యి పెట్టారు. ఇంజను ఇంకా కాలుతోంది. చెయ్యి చటుక్కున తీసేసి నా నెత్తిన పెట్టారు.

"ప్రభువా, ఈ కాళ్లు నువ్విచ్చినవి. ఈ బండి ఇతను కొనుక్కున్నది. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో నీకు తెలుసు తండ్రీ. ఆ దూరంలో నువ్వే ఉండి కాపాడాలి."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా మేనత్త.

ఆ తర్వాత ఏడాది నేను చాలా సంతోషంగా బతికాను, ఆగవలసి వచ్చినప్పుడు తప్ప. గుంటూరులో ఏ సిగ్నల్ దగ్గర ఎడమ పక్కన రాయి ఉందో, ఎక్కడ డివైడర్ అంచు కాలికి అందుతుందో నాకు తెలిసినట్టు కార్పొరేషన్ వాళ్లకు కూడా తెలియదు. ఎర్రలైటు పడితే అందరూ తెల్లగీత దగ్గర ఆగుతారు, నేను నా రాయి దగ్గర ఆగుతాను. ఒకసారి రోడ్డు వెడల్పు చేస్తూ మంచి రాయినొకదాన్ని తీసేశారు. మూడు నెలలు ఆ దారిన వెళ్లలేదు.

బూట్లకు అదనంగా రెండంగుళాల అట్ట వెయ్యమని చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన బూటు అటూ ఇటూ తిప్పి, నన్ను జాలిగా చూసి, "ఏ కాలండీ పొట్టి?" అన్నాడు.

"రెండూ."

"రెండూ పొట్టయితే ఇంక పొట్టేముందండీ, సమానమేగా" అన్నాడు. అయినా వేశాడు.

నడపడం నేర్చుకున్నది తుళ్లూరు వైపు. రాజధాని కోసం వేసిన రోడ్లు అంత వెడల్పున, అంత తిన్నగా మరెక్కడా దొరకవు. తెల్లారి ఆరింటికి అక్కడ నేనూ, కొన్ని టిప్పర్లూ, రోడ్డు తమ పేరనే రాసి ఉన్నట్టు నడిచే గేదెలూ ఉండేవాళ్లం. నెమ్మదిగా గుండ్రంగా తిరగడం గేదెల చుట్టూ తిరిగే నేర్చుకున్నాను. అవి హారన్‌కు తప్పుకోవు. తప్పు ఎవరిదైనా మనమే సర్దుకోవాలి. ఇంతకంటే మంచి డ్రైవింగ్ స్కూలు లేదు.

బండితో కాపురమంటే ఒకే ప్రశ్నతో కాపురం. బంకులో, టీకొట్టులో, కాలేజీ గేటు దగ్గర, చివరికి ఒక చావింట్లో కూడా, ఎవరో ఒకరు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దంలో మీసం చూసుకుని, "ఎంతిస్తది సార్ లీటరుకి?" అనేవారు. చెప్పేవాణ్ని. ఆ ముఖంలో నా మీద గౌరవం పోయి సానుభూతి రావడం కళ్లారా చూసేవాణ్ని.

కానీ తెల్లవారుజామున ఒంగోలు దాటి కొత్తపట్నం వెళ్లే దారిలో, సముద్రం కనపడకముందే ఉప్పుగాలి హెల్మెట్‌లోకి దూరేది. నా వయసుకు తగని ఒక కేక నా నోట్లోంచి వచ్చేది. హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు చేరుకుని, బండికి రెండు పక్కలా ఉన్న అల్యూమినియం పెట్టెల్లో ఐసు పోసి చేపలు తెచ్చేవాణ్ని. మంచుకొండల్లో గుడారం సామాను పెట్టుకోవడానికి చేసిన పెట్టెలవి. ఇప్పుడు వాటిలో ఏం పెట్టినా వంజరం వాసన వస్తుంది. వానకోటు కూడా.

మా ఆవిడ ఎనిమిది నెలలు ఎక్కలేదు. తర్వాత ఒక శనివారం మంగళగిరిలో చీరలు చూడాలనిపించింది, ఆ రోజు బస్సులు ఖాళీ లేవు. మా ఇంటి అరుగు మీంచి ఎక్కింది, చీరల కొట్టు మెట్ల మీద దిగింది. మధ్యలో ఎక్కడా నేల మీద కాలు పెట్టే అవసరం రాకుండా చూసుకున్నాను. అంత ఎత్తున కూర్చుంటే ప్రహరీ గోడల అవతల ఎవరు వడియాలు పెట్టారో, ఎవరింటి కోడలు ఇంకా లేవలేదో కూడా తెలుస్తుంది. తిరిగొచ్చాక, "సీటు ఫర్వాలేదు" అంది. స్టేట్ ఫస్టు వచ్చిన పిల్లకు కూడా ఆవిడ అంతకుమించి అనలేదు. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అప్పటి నుంచి బండి పడకూడదన్న భయం రెట్టింపైంది. ఇప్పుడది పడితే ఒక్కడి సరదా కాదు, ఇద్దరిదీ పోతుంది.

ఫిబ్రవరిలో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. పంట చేతికొచ్చాక ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్లు, ఏదైనా సరే. ఆరాధన తర్వాత వాటన్నిటినీ చర్చి ముందే వేలం వేస్తారు. ఆ వచ్చింది చర్చి ఖర్చులకు. మా మేనత్త కౌలుకు మిరప వేసింది. రెండు రోజుల ముందు అకాల వాన పడింది గానీ, కల్లంలో ఆరబోసిన కాయల మీద ఆవిడ వేళకు పట్టాలు కప్పి దక్కించుకుంది. ఆవిడ కానుక చర్చికి మోసే గౌరవం నేను కోరుకున్నాను. మా ఆవిడ ముందే ఆటోలో వెళ్లిపోయింది.

కల్లం దగ్గర ఎర్రటి కాయలు నింపిన గోతాం వెనక సీటుకు కట్టాను. ఎడమ పెట్టెలో గుమ్మడికాయ, కుడి పెట్టెలో కోడిపెట్ట. మూత కొంచెం తెరిచి పెట్టాం. కోడి తల బయటికి పెట్టి, ముందు సీటు దొరికిన ప్రయాణికురాలిలా చుట్టూ చూసింది.

"ఒరేయ్, తారురోడ్డు మీంచి చుట్టు తిరిగి పో" అంది అత్త. "డొంకదారిలో రేగడి ఇంకా పచ్చిగుంది."

"పైన ఆరిపోయిందత్తా. పగుళ్లు కూడా వచ్చినై."

"పైన ఆరితే సరిపోద్దా? లోపల మోకాటిలోతు బురద కూసుంది."

"దీన్ని ఇట్టాంటి దారుల కోసమే చేశారత్తా."

"చేసినోడు మన డొంక చూశాడంటరా?"

జవాబుగా నేను ఇంజను స్టార్ట్ చేశాను.

"మీ నాన్నయితే ఈ బురదలో సైకిలు భుజానేసుకుని వచ్చేవాడు. ఇది నువ్వెట్టా భుజానేసుకుంటావో నేనూ చూస్తా" అని, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడక మొదలుపెట్టింది.

నేను పుట్టింది ఆ రేగడిలోనే. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులు. ఆయన సైకిలు క్యారియర్‌లో ఎప్పుడూ ఒక చితుకు ఉండేది, మడ్‌గార్డులో ఇరుక్కున్న మట్టి గీకడానికి. వాన పడ్డ నల్లమట్టి చక్రానికి పట్టుకుంటే మూడు చుట్లకు మడ్‌గార్డు నిండిపోతుంది, నాలుగో చుట్టు ఉండదు. ఇది నాకు ఎనిమిదో ఏట నుంచీ తెలుసు. కానీ బండితో ఇచ్చిన పుస్తకంలో వానకొక మోడ్, ఇసుకకొక మోడ్, రాళ్లకొక మోడ్ అని రాసి ఉంది. అంత చదువుకున్నాక మనిషికి చితుకు గుర్తుకురాదు. రేగడి మోడ్ లేదన్న సంగతి కూడా అప్పుడు తట్టలేదు.

ఇరవై గజాలు బ్రహ్మాండంగా వెళ్లాను. వెనక్కి తిరిగి అత్తకు చెయ్యి ఊపుదామా అనుకుంటుండగా ముందు చక్రం ఆగిపోయింది. వెనక చక్రం మాత్రం ఆగకుండా, ఉన్నచోటనే శ్రద్ధగా గొయ్యి తవ్వింది. ఇంజను ఆగింది. కోడి అరవడం ఆపింది. ఎడమ పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించింది. అయిపోయిందనుకున్నాను. అమ్మకానికి ప్రకటన ఎలా రాయాలో కూడా మనసులో రెండు వాక్యాలు వచ్చేశాయి.

ఒరగలేదు. రెండు చక్రాలూ ఇరుసుల దాకా దిగి, ఇంజను అడుగుభాగం బురద మీద కూర్చుని, బండి దిమ్మలా నిలబడింది. కిందికి చూశాను. కొన్నాక మొదటిసారి నా రెండు పాదాలూ మడమలతో సహా నేలను పూర్తిగా తాకి ఉన్నాయి.

ఆ ఆనందం నేను మాటల్లో చెప్పలేను. అలాగే కాసేపు కూర్చున్నాను.

తర్వాత దిగబోయాను. రెండంగుళాల అట్టలతో సహా బూట్లు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక కాలు బూటు లేకుండా వచ్చింది. రెండోది ఎత్తి వెనక్కి తిప్పుతుంటే మిరపకాయల గోతానికి తగిలింది. నేను వెల్లకిలా పడ్డాను. మెత్తగానే పడ్డాను, ఆ మాట చెప్పుకోవాలి. పైన ఆకాశం, పక్కన ఏ స్టాండూ లేకుండా నిటారుగా నా బండి, దాంట్లోంచి తొంగి చూస్తున్న కోడి.

అత్త నడిచి ముందే చర్చికి చేరి కబురు చెప్పింది. పది నిమిషాల్లో పండగ బట్టల్లో సగం సంఘం గట్టు మీదికి వచ్చింది. అయ్యగారు వచ్చారు. గొడుగు పట్టుకుని మా ఆవిడ కూడా వచ్చింది. నేను లేచి నిలబడి, "పడలేదు" అన్నాను. నన్ను చూస్తే ఆ మాట ఎవరూ నమ్మేలా లేరు కాబట్టి, "బండి" అని కలిపాను.

"స్టాండు వేశారా?" అంది మా ఆవిడ.

"లేదు."

ఆవిడ గట్టు మీంచే ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి, అనుమానం వచ్చిన జవాబు పత్రాన్ని చూసినట్టు చూసింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. ఆయన పంచె పైకి దోపి బురదలోకి దిగి, హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపారు. కదల్లేదు.

"నిలబడే ఉందమ్మా" అన్నారు. "మన చర్చి స్తంభాల కంటే గట్టిగా ఉంది."

ట్రాక్టరు తెచ్చి తాడు కట్టారు. పదిమంది తెల్లచొక్కాల వాళ్లు రెండు పక్కలా పట్టుకుని, తారురోడ్డు ఎక్కేదాకా దాన్ని ఒరగనివ్వలేదు. రోడ్డెక్కేసరికి ఆ పది చొక్కాల్లో ఒక్కటీ తెల్లగా లేదు, అయినా అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఒకాయన మాత్రం రొప్పుతూనే, "ఇంతకీ లీటరుకి ఎంతిస్తది సార్?" అని అడిగాడు.

ఆ బురదతో నన్ను లోపలికి రానివ్వలేదు. ఆరాధన అయ్యేదాకా బయట షామియానా కింద, వేలానికి పెట్టిన గుమ్మడికాయల పక్కన నిలబడ్డాను. బురద ఆరి నా మీద కూడా పగుళ్లు వచ్చాయి. వేలం మొదలైంది. చర్చి పెద్దాయన మా అత్త కోడిని పైకెత్తి పట్టుకుని, "ఇంకెవరైనా? ఇంకెవరైనా?" అని అరుస్తున్నాడు.

మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"బండి పడితే అమ్మేద్దామన్నాను. పడలేదు. ఉంచుకుందాం" అంది.

నాకు ఆ మాట మళ్లీ ఒకసారి వినాలనిపించింది. అడిగేలోపే ఆవిడ నన్ను తల నుంచి బూటు లేని కాలిదాకా చూసి, చర్చి పెద్దాయన చేతిలోని కోడి వంక ఒకసారి చూసింది.

"పడింది మీరు. మిమ్మల్ని ఎవరు కొంటారండీ?"