గోడ పక్క ప్లాటు

అమ్మ పోయాక నాకు అందిన మొదటి సలహా రియల్ ఎస్టేట్ చదవమని. ఇచ్చింది మామ, అమ్మకు సొంత తమ్ముడు. నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే రోడ్డు మీద ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెడుతుంటాడు. చెన్నైలో రియల్ ఎస్టేట్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ ఉందనీ, ఫీజు తానే కడతాననీ, చదివి వస్తే ఆఫీసు నాకే అప్పజెబుతాననీ నాన్నతో చెప్పాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పక్కింటి పిల్ల సంగతేదో మాట్లాడుకుంటున్నట్టు విన్నాను.

అప్పటికి నా పరిస్థితి అది. అమ్మను సమాధి చేసిన రోజు కూడా నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళకు టీలు ఇచ్చాను, కుర్చీలు లెక్కచూసి టెంటు అతనికి అప్పజెప్పాను. "గుండె రాయి చేసుకునింది బిడ్డ" అని చర్చి ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. నేనేమీ చేసుకోలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, అట్లా ఉండేది లోపల. ఉందని తెలుసు, కొరికినా తెలియదు. కూరలో ఉప్పు మరిచిపోతే నాన్న చెప్పేదాకా తెలిసేది కాదు. "ఏడువమ్మా, ఏడిస్తే తేలికపడతావు" అని ఎవరైనా అంటే మాత్రం ఒళ్ళు మండేది. చిరాకు ఒక్కటే మిగిలింది నాకు.

నాన్న మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ఎక్కువగా రొయ్యల గుంటల మోటార్లకు. "బీకాం అయిపోయి ఇంట్లో కూర్చోనుంది. ఏదో ఒకటి చదవనీ" అన్నాడు.

మామ నా వైపు తిరిగాడు. "నాలుగు ఆదివారాలు నాతో సైటుకి రా పాపా. చూసినాక చెప్పు. సీటుకి నెలాఖరు దాకా టైముంది."

సరే అన్నాను. అప్పట్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని. వద్దనాలంటే ఓపిక కావాలి.

ఆదివారం పొద్దున చర్చి, సాయంత్రం సైటు. మొన్నమొన్నటి దాకా వరి పండిన నేల అది. ఇప్పుడు ఆర్చీ, ఎర్రమట్టి రోడ్లు, రంగు వేసిన హద్దురాళ్ళు, ఎండిపోయినప్పుడల్లా మార్చే మొక్కలు. దక్షిణం వైపు ఛాతీ ఎత్తు గోడ ఉంది. గోడ అవతల మా చర్చివాళ్ళ సమాధుల తోట. వెంచర్ రాకముందు నుంచీ ఉంది. అమ్మ అక్కడే ఉంది, గోడకు దగ్గరగానే.

ఆ గోడ పొడవునా మామ ఇనుప పైపులు పాతించి ఫ్లెక్సీలు కట్టించాడు. వాటి మీద ఈతకొలను, కొలను పక్కన నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం. వెంచర్‌లో ఈతకొలను లేదు, అది వేరే సంగతి. నేను చేరిన మొదటి రోజే అడిగాను. "ఎప్పటికైనా తెలిసిపోతుంది గదా మామా, అవతల ఏముందో?"

"తెలియనీ. అడిగితే చెబుదాం. అడక్కముందే చూపించేదెందుకు?" అన్నాడు. సైటులో ఎక్కడ నిలబడ్డా ఆ ఫ్లెక్సీలకు వీపు పెట్టే నిలబడేవాడు. ఆయన అక్క అక్కడుందన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పని తొందరగానే పట్టుబడింది. మా నెల్లూరులో స్థలం బేరమంతా గజాల్లో కాదు, అంకణాల్లోనే జరుగుతుంది. ఏ ప్లాటు ఎన్ని అంకణాలో, ఏది తూర్పు ముఖమో చూడకుండా చెప్పేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళెవరో, సముద్రానికి పోతూ గాలికి దిగినవాళ్ళెవరో కారు తలుపు వేసే తీరులోనే తెలిసిపోయేది. ఆడవాళ్ళను ప్లాటు మధ్యకు తీసుకెళ్ళి "వంటిల్లు ఇక్కడ వస్తుందండీ" అని ఊరుకునేదాన్ని. ఇక మిగతా ఇల్లంతా వాళ్ళే కట్టుకునేవారు. పైకి నవ్వుతూ ఇంకేదో ఆలోచించడం కష్టమంటారు. ఏమీ ఆలోచించకుండా నవ్వడం చాలా సులువు.

చివరి ఆదివారం భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడిన బ్యాంకు ఉద్యోగి. మామ ఇంకో పార్టీతో ఆర్చీ దగ్గర ఉండిపోవడంతో నేనే తిప్పి చూపించాను. అన్నీ చూసి గోడ పక్క ప్లాటు దగ్గర ఆగారు. రెండు ఫ్లెక్సీల మధ్య సందులో తెల్లగా ఏదో కనపడింది ఆవిడకి.

"అవతల ఏముందమ్మాయ్?"

"సమాధులండీ" అన్నాను.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన వేయలేదు. గోడనీ, హద్దురాళ్ళనీ, నన్నూ చూసి, "అయితే అంకణానికి ఎంత తగ్గిస్తారు?" అన్నాడు.

గోడ వరసకు ఎంతవరకు దిగొచ్చో మామ ముందే చెప్పి ఉన్నాడు. అందులో సగం తగ్గిస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మామను అడిగి చెబుతానని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడ దాకా నడిచాను. ఫోన్ చేయలేదు. ఇది మామ దగ్గర చూసి నేర్చుకున్నదే. వెంటనే తగ్గిస్తే ఇంకా తగ్గించమంటారు. ఫ్లెక్సీకి ముఖం పెట్టి నిలబడి, "కొంచెం చూడండి మామా, మంచివాళ్ళు" అని వాళ్ళకు వినపడేట్టు అన్నాను. సందులోంచి అమ్మ సమాధి కనపడుతోంది. ఇంకా సిమెంటు కట్టించలేదు. మట్టి కొంచెం కుంగింది, కొయ్య సిలువ ఒక పక్కకు ఒరిగింది. తర్వాత సరిచేయించాలి అనుకున్నాను. ఇంకాసేపు ఆగి, వెనక్కి వచ్చి, మామ మొదట ఒప్పుకోలేదనీ, వాళ్ళను చూసి నేనే గట్టిగా మాట్లాడాననీ చెప్పి మిగతా సగంలో కొంత తగ్గించాను. మొత్తం కూడా తగ్గించలేదు.

ఆవిడకు ఇంకా దిగులు తీరలేదు. "వాళ్ళతో ఏమీ ఇబ్బంది ఉండదు కదా?"

"ఉండదండీ. వాళ్ళు ఎవర్నీ ఏమీ అనరు" అన్నాను.

అడ్వాన్సు ఇచ్చారు.

మామ పొంగిపోయాడు. "నీకు చదువు కూడా దండగే పాపా. పుట్టుకతోనే వచ్చేసింది" అని కారెక్కాక కూడా మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఏ ప్లాటు అని అడిగితే గోడ పక్కది అని చెప్పాను. రేడియో పెట్టి, మా వీధి మొదట్లోనే నన్ను దించేశాడు.

ఇంట్లో నాన్న వరండాలో కూర్చుని మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. చెప్పులు విడిచి ఎదురుగా కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను, ఫోన్ సంగతితో సహా. ఎందుకు చెప్పానో తెలియదు, కూరగాయల ధరలు చెప్పినట్టే చెప్పుకుపోయాను. నాన్న చెయ్యి ఆగింది. తీగ మాత్రం వదల్లేదు.

"మీ అమ్మ ఉందని ఆళ్ళకి చెప్పినావా?"

"లేదు."

"ఆమె పక్కనుందని తగ్గించమన్నారు. నువ్వు తగ్గించినావు."

"ఊఁ."

తిడతాడేమో అని చూశాను. తిడితే బాగుండు అనిపించింది. నాన్న "ఏడుపు రాలేదా?" అన్నాడు. అందరిలా సలహా చెప్పలేదు, అడిగాడంతే. అందుకేనేమో ఒళ్ళు మండలేదు.

"రాలేదు నాన్నా. ఏమీ రాలేదు. అక్కడ నిలబడి ఎంతసేపు ఆగితే నమ్ముతారో అని చూసుకుంటా ఉన్నా."

నాన్న తీగను మోకాలి మీద పెట్టాడు.

"చెన్నై పోను" అన్నాను. అనేదాకా నాకూ తెలియదు.

"ఏమి? ఆ పని నీకు రాదనా?"

"బాగా వస్తుంది నాన్నా. అందుకే భయమేస్తా ఉంది."

అన్నాక చూసుకుంటే భయం నిజంగానే ఉంది. నాన్న లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మామకు ఏం చెప్పాలో, రేపటి నుంచి ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. నాకు మాత్రం ఇన్నాళ్ళకు లోపల ఏదో ఒకటి తెలుస్తోంది. అది భయమే అయినా పోకుండా ఉంటే చాలని చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.