ఐదున్నర బాబాయి, పదిన్నర సబ్బు

మా బాబాయిని వీధంతా ఐదున్నర అనే పిలుస్తుంది. కొత్తవాళ్ళు అది ఆయన పొడుగనుకుంటారు, కొందరు నిద్ర లేచే వేళనుకుంటారు. రెండూ కాదు. ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో పరీక్ష గదిలో పనిచేస్తాడు. మనిషి చర్మం పీహెచ్ ఐదున్నర దగ్గరుంటుందని, అంటే కాస్త పులుపు వైపని, కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట రంగు మారే కాగితం ముక్కలుంటాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు స్నానాలగదిలో దూరి, సబ్బు నురగలో కాగితం ముంచి, రోగి బంధువులతో మాట్లాడే డాక్టరులా తలాడిస్తూ బయటికొస్తాడు. "తొమ్మిదిన్నర. ఏడంటే మంచినీళ్ళు, అటూ ఇటూ కానిది. పైకి పోయేకొద్దీ క్షారం. ఒంటికి పనికిరాదు." మా అత్తగారింట్లోనూ ఇదే నిర్వాకం. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు బయట చాలాసేపు నిలబడింది. నేను ఎటు చూడాలో తెలియక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

పిన్ని లైబ్రరీ కౌంటర్లో పనిచేస్తుంది. ఎవరు ఏ పుస్తకం చదివారో, ఎవరు చదవకుండానే తిరిగిచ్చారో ఆవిడకు తెలుసు. ఆ కుర్చీ అంటే ప్రాణం. ఈమధ్య అక్కడ హాజరుకు వేలిముద్ర మిషను పెట్టారు. పిన్ని వేలు పెడితే చాలు, అది తేనె పూసిన గొంతుతో "మళ్ళీ ప్రయత్నించండి" అనేది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, ఏ వేలు పెట్టినా అదే మాట. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకరు ఊదమనేవారు, ఒకరు తుడవమనేవారు.

చివరికి లైబ్రేరియన్ మొహమాటపడుతూ చెప్పాడు. "నెలాఖరుకల్లా వేలు పడకపోతే మిమ్మల్ని పెద్దాఫీసుకి పంపాలమ్మా. సంతకం పెట్టే వీలు అక్కడే ఉంది." పెద్దాఫీసులో కౌంటరు లేదు, చదివేవాళ్ళు లేరు. బీరువాలున్నాయి.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి పిన్ని సింకు ముందుంది. కడిగిన పళ్ళెం మీద బొటనవేలు రాస్తే కిర్రుమనాలి; ఆవిడ లెక్కలో అదీ శుభ్రం. పళ్ళేలయ్యాక అదే సబ్బుతో చేతులూ కిర్రుమనేదాకా కడుక్కుంది.

"నేను నేను కాదట్రా," అంది నన్ను చూసి. "మిషను తేల్చేసింది. ఇన్నేళ్ళూ మీ బాబాయి ఎవరితో కాపురం చేశాడో కనుక్కో."

బాబాయి నవ్వుకుంటూ వచ్చి, "ఏదీ, చెయ్యి చూపించు," అన్నాడు. వేళ్ళ కొసలు గీతలన్నీ అరిగి గాజులా నున్నగా ఉన్నాయి, పక్కన పగుళ్ళు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏ సబ్బు వాడుతున్నావ్?"

"మీరు తెచ్చిందే. ఫ్యాక్టరీలో పక్కన పడేశారని, ఊరికే వచ్చిందని సంచి నిండా మోసుకొచ్చారుగా."

బాబాయి జేబులోంచి కాగితం తీసి నురగలో ముంచాడు. అది నిండు నీలమైంది. ఊరందరి సబ్బులూ చూసిన మనిషి, తన సింకు దాకా కాగితం తేవడం అదే మొదటిసారి.

"పదిన్నర," అన్నాడు నీళ్ళు నములుతూ. "ఇది గచ్చు కడిగేదోయ్."

"ఐదున్నరకీ పదిన్నరకీ తేడా ఐదేగా. సర్దుకోదా?" అన్నాను నేను.

"ఒక్కో మెట్టుకీ పదింతలు. ఐదు మెట్లంటే లక్ష రెట్లు. చర్మం మీది పుల్లటి పొరనీ జిడ్డునీ ఊడ్చిపారేస్తుంది. ఇంక గీతలేం నిలుస్తాయి?"

"ఊరందరికీ ఐదున్నర, కట్టుకున్నదానికి పదిన్నర," అంది పిన్ని తాపీగా. నేను మళ్ళీ గడియారం వైపు చూశాను.

సంచి గచ్చు కడగడానికి పెరట్లోకి పోయింది. పిన్ని చేతులకు ఐదున్నర దగ్గరుండే మెత్తటి ద్రవమూ, పూసుకోడానికి లేపనమూ వచ్చాయి. వేలు పడేదాకా గిన్నెలు తన పనేనని బాబాయి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. అవి గులాబీ రంగువి. వీధికి కనపడకుండా ఆయన కిటికీ తెర వేసేవాడు, గాలి రావట్లేదని పిన్ని తీసేసేది.

నెలాఖరుకి ఇంకో రెండు రోజులుందనగా పిన్ని లైబ్రరీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

"ధన్యవాదాలు అందిరా."

"ఎవరు పిన్నీ?"

"మిషను. ఇంకెవరు."

వంటింట్లో కుళాయి ఆగింది. బాబాయి తొడుగులతోనే గుమ్మంలోకొచ్చి, చాలా హాయిగా నవ్వాడు. పిన్ని లేచి లోపలికెళ్ళి, ఆయన అప్పుడే కడిగి బోర్లించిన పళ్ళెం తీసి, మిషను ఒప్పుకున్న ఆ బొటనవేలినే దాని మీద రాసింది. చప్పుడు రాలేదు.

"మళ్ళీ ప్రయత్నించండి," అంది, తేనె పూసిన గొంతుతో.