స్టాంపు దండగ

నా బి.ఏ.లో సగం నెల్లూరులోని ఒక బట్టల కొట్టు సాయిబు గారిది. కోవూరులో మాకున్న రెండెకరాల వరి మడి తిండికే సరిపోక, ఆఖరి రెండేళ్ళ ఫీజుకూ హాస్టలుకూ మా నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఏటా మా ఇంటిల్లిపాదికీ బట్టలు అరువిచ్చే మనిషి. ఎనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చి, ప్రామిసరీ నోటు నా చేతే రాయించుకున్నారు. వడ్డీ ముట్టడం ఆయన మతంలో లేదు కాబట్టి అదీ తప్పింది. తెలుగులో రాస్తే చాలు. కాలేజీ చదువని ఆయనకు తెలియొద్దూ, ఇంగ్లీషులో రాశాను. ఆయన చదవలేక మడిచి పెట్టెలో పెట్టుకున్నారు.

డిగ్రీ వచ్చింది, ఉద్యోగానికి మాత్రం పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ ఆయన కొట్టున్న వీధిలో అడుగు పెట్టలేదు. రైలు స్టేషనుకు వెళ్ళాలన్నా నాలుగు సందులు చుట్టేవాణ్ణి. నెల్లూరు సందులన్నీ నాకు అప్పుడే తెలిశాయి. చివరికి నాయుడుపేటలో ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తానయ్యాను. మొదటి జీతంలో పది రూపాయలైనా ఆయనకు పంపొచ్చు. పంపలేదు. నా పేరు పక్కన బి.ఏ. అని రాయించిన బోర్డు రూము తలుపుకు తగిలించాను. దాన్ని చదివినవాళ్ళు ఇద్దరే, పోస్టుమానూ నేనూ.

పక్క రూములో ఒక వకీలు గుమాస్తా ఉండేవాడు. నోటు రాసిన మూడేళ్ళలోపు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాయకపోతే అది ఇక కోర్టులో పనికిరాదని చెప్పాడు. నా జన్మలో ఏ పాఠమూ అంత శ్రద్ధగా వినలేదు. ఇంకా నలభై రోజులుంది. గోడ క్యాలెండరులో ఆ బుధవారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, రోజుకొక తేదీ కొట్టేస్తూ వచ్చాను.

ఆ బుధవారం ఇంకా రెండు రోజులుందనగా, సోమవారం ఆఫీసు కిటికీలోంచి చూస్తే సాయిబు గారు చంకలో కాగితాలతో మా గేటులోకి వస్తున్నారు. నోటు తిరగరాయించడానికే వచ్చారనుకున్నాను. నేను లేనని చెప్పమని బంట్రోతును బతిమాలి రికార్డు రూములో దూరాను. పాత ఫైళ్ళ దుమ్ముకు ఒకటే తుమ్ములు. పట్టభద్రుణ్ణి, నోట్లో చేతిరుమాలు కుక్కుకుని రెండు గంటలు కూర్చున్నాను.

ఆయన వెళ్ళాక బంట్రోతు సంగతి చెప్పాడు. సాయిబు గారి కూతురు ఎస్సెస్సెల్సీ పాసయిందట. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు ఇంగ్లీషులో పెట్టాలి, మర్నాడే ఆఖరు తేదీ. తప్పు పోతే సీటు పోతుందని ఆయన భయం. ఆయనకు తెలిసిన బి.ఏ. నేనొక్కణ్ణే.

“మీరు లేరంటిని గదా సార్. ముసలాయన ఎంతసేపని కూర్చుంటాడని నేనే నింపి పంపించినా” అన్నాడు.

బంట్రోతు చదివింది ఎనిమిదో తరగతి. నోటు ఊసెత్తారా అని అడిగాను. ఎత్తలేదట. నేను వేళకు తింటున్నానా అని మాత్రం అడిగారట.

వెంటనే పరుగెత్తానని రాస్తే అబద్ధం. బుధవారం దాటేదాకా కదలలేదు. గురువారం పొద్దున అప్పు లేని మనిషిగా లేచాను. ఆ సంతోషం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. తలుపు మీది బోర్డు చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం నలభై రూపాయలు తీసుకుని నెల్లూరు వెళ్ళి, సందులు చుట్టకుండా నేరుగా కొట్టుకు నడిచాను. దరఖాస్తు అందిందని ఆయనే చెప్పారు. డబ్బు ముందు పెట్టి, మిగతా దానికి కొత్త నోటు రాసిస్తానన్నాను, ఈసారి తెలుగులో. ఆయన పెట్టెలోంచి పాత నోటు తీశారు. మడతలో చిన్న చీటీ ఉంది. దాని మీద ఆయన రాతలో, నేను క్యాలెండరులో సున్నా చుట్టిన బుధవారం తేదీ.

“నాలుగు రోజులు ముందు వచ్చుంటే దీని వెనకే చెల్లు రాసుకుని ఉందుము గదా అబ్బయ్యా. ఇప్పుడు మళ్ళా స్టాంపు దండగ” అన్నారు.

నా జేబులో తిరుగు బస్సు చార్జీ తప్ప చిల్లర లేదు. ఆయనే గల్లా పెట్టెలోంచి స్టాంపు తీసి, తడిపి నేను రాసిన కొత్త నోటుకు అంటించి, సంతకానికి నా వైపు జరిపారు.