జేజి పూజ చేసిన ప్లగ్గులు

చదువు ముగిసి, ఉద్యోగం ఇంకా మొదలుకాని ఆ నాలుగు నెలల్లో మనిషికి ఉన్నంత తెలివి మళ్ళీ జన్మలో ఉండదేమో అనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో నేను కడపలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసుకుని పత్తికొండలో మా ఇంటికి వచ్చిపడ్డాను. వచ్చినప్పటినుంచి ఇంట్లో ఏ వస్తువునూ దాని మానాన దాన్ని బతకనివ్వలేదు. మిక్సీ విప్పాను, కుట్టుమిషను విప్పాను, గోడగడియారం విప్పాను (అది మాత్రం తిరిగి గోడెక్కలేదు, దాని గురించి మా అమ్మ నేటికీ మాట్లాడదు). మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, నాకు ఇంజనీరమ్మ అని పేరు పెట్టింది. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎగతాళి ఎంతో అప్పట్లో నాకు తెలిసేది కాదు. అంతా మెచ్చుకోలే అనుకునేదాన్ని.

ఇంట్లో నా చేతికి చిక్కనిది ఒక్కటే మిగిలింది. మా తాత కొన్న తెల్ల అంబాసిడర్ కారు. తాత పోయాక అది నాయన చేతికి వచ్చింది. నాయనకు టమోటా మార్కెట్లో కమీషను మండీ ఉండేది. రోజూ పొద్దున్నే ఆ కారులోనే పోయేవాడు. పెట్రోలు బండి, వయసు మీద పడిన బండి, అందుకని దగ్గేది. స్టార్టు చేస్తే దగ్గు, గేరు మారిస్తే దగ్గు, ఎత్తు ఎక్కితే ఆయాసంతో కూడిన దగ్గు. బజారు మలుపులో ఆ దగ్గు వినపడగానే మండీలో హమాలీలు బీడీలు ఆర్పేసి బుట్టలు అందుకునేవాళ్ళట. అది దగ్గకపోతే నాయన ఊళ్ళో లేడని లెక్క.

సరిగ్గా అప్పుడే నాకు మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. నాయన మాత్రం కాగితం కూడా పూర్తిగా చదవలేదు. "గనుల కాడ లారీల మధ్యన ఆడపిల్లవి ఏం చేస్తావు పాపా? ఈడ మండీలో వచ్చి కూర్చో, అంతా నీదే గదా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది, పోట్లాడి ఉండేదాన్ని. ఆయన మెల్లగా అనేసరికి కాగితం మడిచి మళ్ళీ కవర్లో పెట్టేశాను. నా తరఫున మాట్లాడింది జేజి ఒక్కతే. "పంపీరా. ఆ పిల్ల ఈడుంటే ఇంగ విప్పేదానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు" అంది. నాయన నవ్వలేదు. కాసేపు మీసం దువ్వుకుని, "సరే. ముందు మనింటి బండి దగ్గు మాన్పించు. ఆయుధపూజ దినం మీ అత్తకు ఓళిగలు ఇచ్చేదానికి ఆలూరు పోవల్ల గదా, నువ్వే తోలు. ఆడిదాకా దగ్గకుండా పోతే అప్పుడు చూద్దాం" అన్నాడు. నా బతుకంతా ఆ మాటకు వేలాడింది. ఆలూరు దాకా దగ్గకుండా పోతే మంగంపేట, దగ్గితే టమోటాలు.

మర్నాడే బానెట్టు ఎత్తి ప్లగ్గులు విప్పాను. నాలుగూ మసిపట్టి కాలిన వంకాయల్లా ఉన్నాయి. నిప్పురవ్వ పుట్టాల్సిన సందు అరిగరిగి వెడల్పై పోయింది. జబ్బు దొరికిందని నాకు పట్టరాని సంతోషం. ఆ రాత్రి అన్నాల దగ్గర ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పాను. ప్లగ్గుల్లో వేడి ప్లగ్గులు, చల్ల ప్లగ్గులు అని రెండు రకాలుంటాయనీ, వేడిని తనలోనే నిలుపుకునేది వేడి ప్లగ్గనీ, తొందరగా బయటికి వదిలేసేది చల్ల ప్లగ్గనీ, మన బండికి ఏది సరిపోతుందో శాస్త్రీయంగా ఆలోచించాలనీ చెప్పుకుపోతుంటే, మజ్జిగన్నం కలుపుకుంటున్న జేజి తలెత్తి, "ఆలోచించేది ఏముండాది మే? దగ్గుకు చలవది యాడన్నా ఇస్తారా? వేడిదే తీసుకురా" అంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను జాలిగా నవ్వి, పుస్తకాలు తెచ్చి చాలాసేపు తిరగేశాను. ఊళ్ళో నెమ్మదిగా తిరిగి మసిపట్టే బండికి ఒక మెట్టు వేడి ప్లగ్గే మంచిదని వాటిలో రాసి ఉంది. ఆ సంగతి జేజికి చెప్పలేదు.

పండగకు ముందురోజు ప్లగ్గుల కోసం కర్నూలు పోయాను. పాత ప్లగ్గు ఒకటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. బస్టాండు దగ్గర సామాన్ల అంగడి ముసలి భాయి దాన్ని చూడకుండానే ఒక డబ్బా ముందుకు తోశాడు. "ప్లగ్గు ప్లగ్గే బేటీ. తీసుకో, ఫికర్ చేయొద్దు" అన్నాడు. నేను పాత ప్లగ్గును కొత్తదాని పక్కన నిలబెట్టి మర పొడుగు చూశాను. కొత్తదాని మర పొడుగ్గా ఉంది. బిగిస్తే లోపల పిస్టన్ వచ్చి దాని మూతి పగలగొడుతుందని చెప్పాను. ఆయన ఇంకో డబ్బా తీశాడు. అది మర సరిపోయింది, కానీ చల్లది. ఇంకోటి తీశాడు. చివరికి గాజుల అంగట్లో పెళ్ళికూతురికి చూపించినట్టు డబ్బాలన్నీ బల్లమీద పరిచి, "పెళ్ళిసంబంధం చూసినట్టు చూస్తాండావు బేటీ. బండి ఎవరిది?" అని అడిగాడు. మా నాయనది అన్నాను. "అట్లైతే చూసుకో, చూసుకో" అని బల్ల అవతల కుర్చీ వేయించాడు. కావలసినవి నాలుగూ దొరికేసరికి మధ్యాహ్నమైంది. వాటిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తుంటే మంగంపేట నా ఒళ్ళోనే ఉన్నట్టు అనిపించింది.

పండగ తెల్లవారుజామునే పలచటి కొలత రేకుల గుత్తితో ప్రతి ప్లగ్గు సందూ కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి, పళ్ళెంలో పెట్టి తలస్నానానికి పోయాను. నేను చేసిన పొరపాటు అదే. మా ఇంట్లో ఇనుప వస్తువు ఏది కొత్తగా వచ్చినా ఆయుధపూజ దినం పూజ కాకుండా వాడరు. కొడవలి, కత్తిపీట, మండీలో త్రాసు, అన్నిటికీ బొట్టు పడాల్సిందే. నేను జుట్టు తుడుచుకుంటూ వచ్చి చూద్దును కదా, పళ్ళెం నిండా బియ్యం పోసి, అందులో నా నాలుగు ప్లగ్గులూ మూతి పైకి పెట్టి నిలబెట్టి, ఒక్కో ప్లగ్గుకూ కుంకుమలో ముంచిన నిమ్మచెక్క అదిమి గుచ్చి ఉంది, గంగమ్మ శూలానికి గుచ్చినట్టు. ఎర్రటి రసం కారి ప్లగ్గుల గొంతులోకి దిగుతోంది. పక్కన జేజి కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. కళ్ళు తెరిచి, "నువ్వు మంగంపేట పోవల్లని మొక్కినా మే" అంది.

ఆ ఇంట్లో నా పక్షాన నిలబడిన ఏకైక మనిషి, నాకోసమే మొక్కి, నాకోసమే గుచ్చింది. కడుగుదామంటే పూజ చేసినదాన్ని అప్పుడే కడగడం అపశకునం. ఇంతలో నాయన కొత్త పంచె కట్టుకుని వచ్చి, వర్జ్యం వచ్చేలోపల ఊరు దాటాలని తొందరపెట్టాడు. నిమ్మచెక్కలు భక్తిగా తీసి, జేజి అటు తిరిగినప్పుడు పాతగుడ్డతో పైపైన తుడిచి, మిగిలింది ఇంజన్ వేడికి అదే కాలిపోతుందిలే అని నాకు నేనే శాస్త్రం చెప్పుకుని బిగించేశాను. స్టార్టు చేశాను. బండి దగ్గింది. మామూలు దగ్గు కాదు, కోరింతదగ్గు. అమ్మ ఓళిగల (అంటే బొబ్బట్ల) క్యారియరు వెనక సీట్లో పెడుతూ నా మొహం చూసి చప్పున తలుపు వేసేసింది.

పత్తికొండ దాటినా దగ్గు తగ్గలేదు. నాయన పక్కన కూర్చుని ముందుకే చూస్తున్నాడు. రోడ్డుకు అటూ ఇటూ వేరుశనగ పీకుతున్నవాళ్ళు నడుములు ఎత్తి మా వైపు చూస్తున్నారు. ఏడుపు వస్తోంది, స్టీరింగు తడుస్తోంది, అది చెమటో ఏమో నేను ఇప్పటికీ చెప్పను. ఒక ఎత్తు దగ్గర బండి ఇక నావల్ల కాదన్నట్టు గిలగిల్లాడింది. పక్కకు తీసి ఆపేశాను.

బానెట్టు ఎత్తగానే గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన మంద వదిలేసి వచ్చాడు. (మా వైపు బానెట్టు ఎత్తి ఉందంటే బండికి దాహం వేసిందనే అర్థం.) "ఏమప్పా, నీళ్ళు గావల్నా? ఆడ బోరు ఉండాది" అని నాయనను అడిగాడు. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నన్ను అడగొద్దప్పా. మెకానిక్కు ఆడుండాది" అని నావైపు చూపించాడు.

ఆ మాటలో వెటకారముందేమోనని వెతికాను. దొరకలేదు. పానా తీసుకుని మొదటి ప్లగ్గు విప్పాను. మర సందులో, తెల్లటి పింగాణీ చుట్టూ కుంకుమ ముద్ద కట్టి, దాని మధ్యలో నిప్పురవ్వ పుట్టాల్సిన చోట ఒక నిమ్మగింజ హాయిగా కూర్చుని ఉంది. తడి దారినే కరెంటు జారిపోతుంటే రవ్వ ఎక్కడినుంచి పుడుతుంది? నేను ఆ ప్లగ్గును గుడ్డలో చుట్టి దాచబోయాను. చెబితే జేజి మీదికి పోతుంది, చెప్పకపోతే నా చదువు మీదికి వస్తుంది. నాయన చేయి చాపాడు. ఇచ్చాను. ఆయన దాన్ని ఎండకు పట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. వాసన చూశాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. మా నాయన నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఆ ఎర్రటి ఎండలో, గొర్రెలాయన తెల్లబోయి చూస్తుండగా, మేమిద్దరం బండికి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాం.

తర్వాత ఆయన కొత్త పంచె అంచు మడిచి తానే గింజ పెకలించాడు. నేను పైపులోంచి కాస్త పెట్రోలు తీసి ఒక్కో ప్లగ్గూ కడిగితే, ఆయన ఆరబెట్టి అందించాడు. సందులు మళ్ళీ కొలిచాను. అందించేటప్పుడు ఏది ఏ సిలిండరుదో అడిగి అడిగి ఇచ్చాడు. "మీ జేజికి చెప్పద్దు" అన్నాడు. "చెప్తే మనసు కష్టపెట్టుకుంటాది. లేదంటే ఈతూరి ఇంజన్లోనే టెంకాయ కొడ్తాది."

ఈసారి తాళం తిప్పగానే బండి గుర్రుమని లేచి, ఎత్తు ఎక్కి, ఆలూరు దాకా పాలమీద మీగడలా సాగిపోయింది. కానీ షరతు షరతే కదా. దగ్గకుండా పోవాలన్నాడు, సగం దారి దగ్గింది. ఆ లెక్కన నేను ఓడిపోయినట్టే. ఎలా అడగాలా అని అత్తావాళ్ళ వాకిట్లో మథనపడుతుంటే, అత్త ఓళిగల క్యారియరు అందుకుంటూ, "ఏం మే, చదువైపాయ గదా, ఇంగ ఏం చేస్తాండావు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయన చెప్పులు విడుస్తూ, "పాపకు మంగంపేటలో ఉద్యోగం వచ్చిండాది. వచ్చే వారం పోతాది" అన్నాడు. నాకు చెప్పకుండా వాళ్ళ అక్కకు చెప్పాడు. నాకు తిన్న ఓళిగ రుచి కూడా తెలియలేదు.

సాయంత్రం వెనక్కి బయల్దేరాం. బండిలో చప్పుడు లేదు. నేను గర్వంతో పొంగిపోతూ తోలుతున్నాను. చాలా దూరం వచ్చాక నాయన, "శానా ఏండ్ల సంది ఆ దగ్గు అలవాటైపోయింది పాపా. ఇప్పుడు ఏమీ ఇనపడకపోతే ఎట్లో ఉండాది" అన్నాడు. కిటికీ అద్దం దించుకుంటూ, "ఇంగ ఇంట్లో కూడా ఇట్లే ఉంటాదేమో" అన్నాడు.

ఇప్పుడైతే బండి ఆపేసేదాన్ని. అప్పుడు నాకు ఇరవై నిండాయో లేదో. ఆయన బండి గురించే మాట్లాడుతున్నాడనుకున్నాను. "అలవాటైపోతుందిలే నాయనా" అని ధైర్యం చెప్పి, చప్పుడు ఎందుకు రావడంలేదో, రవ్వ ఎప్పుడు పుట్టాలో, ముందు పుడితే ఏమవుతుందో, ఆలస్యంగా పుడితే ఏమవుతుందో వివరించడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా మంగంపేటలో నేను బాగుచేస్తున్నవన్నీ డీజిల్ బండ్లు. వాటికి అసలు ఇట్లా రవ్వ పుట్టించే ప్లగ్గులే ఉండవు. ఆ రోజు చెప్పిన విద్యంతా మళ్ళీ ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. పానా పట్టుకున్నప్పుడల్లా, చేతినిండా గ్రీజుతో నోరు మూయకుండా బండి తోలుతున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఒక్కోసారి నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. నాయనకు అందులో ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ చాల్లే అనలేదు. కిటికీలోంచి చేలు చూస్తూ ఊ కొడుతూనే ఉన్నాడు. చెప్పాల్సింది అంతా అయిపోయి నేను ఆగితే, ఇటు తిరిగి, "ఇంకా చెప్పు పాపా. ఊరింకా రాలేదు గదా" అన్నాడు.