కరుణక్కా, బఠానీ నా దగ్గరే ఉంది

నిన్న పొద్దున పెసరట్టుకి రుబ్బుతుంటే ఫోన్ మోగింది. రేపల్లె నుంచి ఎవరో ఆవిడ. "కరుణ టీచరు గారు ఇక లేరండి" అంది.

ఏ కరుణ టీచరండీ అని అడిగాను. నిజంగానే అడిగాను. నాకు తెలిసిన కరుణ టీచరు ఒక్కతే అయినా.

చర్చికి రెడీ అవుతూ గుండె పట్టుకుని కూలబడిపోయిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఇంకా నమ్మకం కుదరట్లేదు.

నిన్న సాయంత్రం నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు. ఏంటి పద్మా, అంత ప్రాణం పెట్టేదానివి, భూస్థాపనకి లేకుండా ఎక్కడికి పోయావని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అక్కా నేనూ బాపట్లలో బీఈడీ చదివేటప్పుడు హాస్టల్ రూమ్మేట్స్. తను సీనియర్. బల్లి కనపడితే నేను మంచమెక్కేదాన్ని, అక్క చీపురు తీసుకుని నవ్వుతూ తోలేది. పెళ్లయ్యాక తను రేపల్లెలో, నేను తెనాలిలో. అయినా ఆ వరస మారలేదు.

ఈ మధ్య ఒక కుక్కపిల్లని తెచ్చుకుంది. పేరు బఠానీ.

ఒకరోజు ఫోన్ చేసి, "ఇవాళ దీనికి ఫస్ట్ టైమ్ పచ్చి బొమిక పెడుతున్నా, వచ్చి చూడు" అంది. నాకు ఒకటే భయం. గొంతుకి అడ్డం పడితే? పచ్చిది అరక్కపోతే? ముందే పశువుల డాక్టర్ని అడిగిందట, ఈ వయసుకి మెల్లగా మొదలుపెట్టొచ్చన్నాడట.

వెళ్లేసరికి చికెన్ షాపులో అప్పుడే కొట్టించిన కోడి మెడ తెచ్చి పెట్టుకుంది. తోలూ కొవ్వూ తీయించింది. బఠానీకి ముందు కాస్త అన్నం పెట్టింది, కరువుమీద ఉంటే నమలకుండా మింగేస్తుందని. తర్వాత నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మెడ ఒక చివర తన వేళ్లతో గట్టిగా పట్టుకుని రెండో చివర దాని నోటికి అందించింది.

నేను మంచమెక్కాను. నిజం.

అక్క మాత్రం దాని దవడ మీంచి చూపు తిప్పలేదు. ముక్క చిన్నదైతే గుటుక్కున మింగుతుంది, అందుకే నోట్లో పట్టనంత పెద్దదే ఇవ్వాలంది. పక్కన మనిషి లేకుండా అసలు ఇవ్వకూడదంది. చివరికి చిన్న ముక్క మిగిలితే కాస్త గుడ్డు ఆశ చూపించి లాగేసుకుంది. చేతులూ నేలా సబ్బుతో కడిగింది. విరేచనాలేమీ లేవని చూసుకున్నాకే మళ్లీ పెడతానంది. మటన్ నల్లి మాత్రం వద్దంది, పళ్లు విరుగుతాయని.

అక్క భర్త, మా బావగారికి ఇదంతా అసహ్యం. పచ్చి మాంసం మరిగితే రేపు మనుషుల్నే కరుస్తుందని గొడవ. శుభ్రంగా ఉడికింది పెట్టొచ్చు కదా అనేవారు.

అక్క ఒకటే మాట అనేది. "ఉడికిన బొమిక విరిగితే సూదులే. పచ్చిదానికి కాదు, దానికి భయపడండి."

నిన్న ఆ ఇంట్లో జనం నిండిపోయారు. దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం ఎవరో చికెన్ బిర్యానీ ప్యాకెట్లు తెప్పించారు. బావగారి చేతిలోనూ ఒకటి బలవంతంగా పెట్టారు.

నేను నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లాను. బావగారు మెట్టుమీద కూర్చుని ఉన్నారు. ప్యాకెట్లోంచి ముక్కలు ఏరి బఠానీకి పెడుతున్నారు. ఏనాడూ దాన్ని ముట్టుకోని మనిషి.

"పొద్దున్నుంచి దీనికి ఎవరూ ఏమీ పెట్టలేదమ్మా" అన్నారు.

ఒక్క అంగలో వెళ్లాను. బఠానీ నోరు తెరిచి వేళ్లు పెట్టాను. ఒక ఎముక వచ్చింది, సగానికి విరిగి ఉంది. చివర గుండుసూదిలా ఉంది. మిగతా సగం ఎక్కడా లేదు.

బావగారి ముఖం నేను చూడలేకపోయాను.

ఆదివారం. అక్కడ తెలిసిన డాక్టర్ ఫోన్ ఎత్తలేదు. ఎక్స్‌రే కావాలంటే తెనాలే అన్నారు. అప్పుడే పాస్టరు గారు వచ్చారు, పాటలు మొదలయ్యాయి. అక్క పెట్టె దగ్గర ఒక్క నిమిషం నిలబడి, కాళ్లకి దణ్ణం పెట్టి, బఠానీని చున్నీలో చుట్టుకుని కారెక్కేశాను.

అదీ సంగతి. తిట్టేవాళ్లు తిట్టండి.

ఎక్స్‌రేలో ముక్క కనపడింది, కడుపులో. చిన్నదే, కరిగిపోవచ్చు, గుచ్చుకోనూవచ్చు అన్నారు డాక్టర్ గారు. వాంతయినా, పొట్ట ఉబ్బినా, రక్తం పడినా వెంటనే తీసుకురమ్మన్నారు.

అప్పట్నుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను. దగ్గితే నోరు తెరిచి చూస్తున్నాను. నిద్రపోతే ఊపిరి ఉందా అని ముక్కు దగ్గర చెయ్యి పెడుతున్నాను. పొద్దున దొడ్డికి కూర్చుంటే పుల్ల పెట్టి కెలికి మరీ చూశాను. రక్తం లేదు. ముక్కా లేదు.

ఇందాక బావగారు ఫోన్ చేశారు.

"అది బాగుందా అమ్మా?"

ఇప్పటికి బాగానే ఉంది బావగారూ అన్నాను.

"కరుణ లేదు. దీన్నీ నా చేత్తోనే..." అన్నారు. మళ్లీ తనే, "బాగయితే తెచ్చెయ్యి. ఆ కోడి మెడ ఎలా పట్టుకోవాలో చూపించు. నేను పట్టుకుంటాను" అన్నారు.

తెస్తానండి అని మాటిచ్చేశాను.

ఇచ్చేశాక మళ్లీ బఠానీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. దీనికేమన్నా అయితే ఆ మనిషికి నేనేం చెప్పను?

అక్కా, నువ్వింక దేనికీ బెంగపెట్టుకోకు. ప్రభువు దగ్గర హాయిగా నిద్రపో. భయపడే పని నాకు వదిలెయ్యి, నాకది బాగా వచ్చు.