విశాలాక్షక్క ఫ్యాను ఎందుకు ఆపేది

రోజూ పొద్దున ఫొటో స్టూడియోలో, ఫిల్ములు స్కాన్ చేసే గదిలో ఫ్యాను ఆపి, బండల మీద చెంబుతో నీళ్లు చిలకరిస్తాను. ప్రొద్దుటూరు ఎండకు కాగిన బండలు ఆ నీళ్లను పీల్చుకుని ఒక వాసన వదులుతాయి. తొలకరికి వీధిలో లేచే వాసన లాంటిదే, కాస్త సున్నం కలిసినట్టుంటుంది. అది ముక్కుకు తగలగానే నా చెయ్యి తలగుడ్డ కోసం వెదుక్కుంటుంది. "ముందు చేతులు కడుక్కో అప్పా" అని విశాలాక్షక్క వెనక నుంచి అరిచినట్టే ఉంటుంది. ఆమె పోయినేడు పులివెందులలో తమ్ముడి ఇంట్లో కన్నుమూసింది. కర్మ రోజు భోజనాల వరసలో నా పక్కన కూర్చున్న పాత ఫొటోగ్రాఫరొకాయన, "మంచి మనిషే గానీ శానా మడి. వేరేవాళ్ల ఫిల్ము ముట్టుకుంటే స్నానం చేసేదంట గదా" అన్నాడు. ఆ మాటకు విత్తనం వేసింది నేనే.

విశాలాక్షక్కది బట్టల అంగళ్లున్న వైశ్యుల కుటుంబం. ఆమె భర్త ఒక్కడే గజంబద్ద వదిలేసి కెమెరా పట్టుకున్నాడు. ఆయన పోయాక స్టూడియో మూతపడుతుందని బంధువులు అనుకున్నారు. ఆమె మూయలేదు. ఫిల్ముల కాలం అయిపోయి, జనం పాత నెగెటివ్‌లను ఫోన్లో చూసుకోవాలని ఆశపడే రోజులొచ్చేసరికి, పాత స్కానరొకటి కొని గల్లాపెట్టె వెనక గదిలో పెట్టింది. దాన్ని నడపడానికి నన్ను పిలిచింది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. కంప్యూటర్ నేర్చానన్న గీర కొంచెం ఎక్కువగానే ఉండేది.

ఆ గదికి అక్క పెట్టిన కట్టుబాట్లు చూసి నాకు తల తిరిగిపోయింది. ఫ్యాను ఆపాలి. నేల తడపాలి. నైలాను చొక్కా దుమ్మును లాక్కుంటుంది కాబట్టి ఉతికిన నూలు చొక్కానే తొడగాలి. తలకు గుడ్డ కట్టాలి. చేతులు కడిగి, తుడిచి, గాలిలో లేచిన దుమ్ము అణిగేదాకా కదలకుండా కూర్చోవాలి. అప్పుడు గానీ కవరులోంచి ఫిల్ము తీయకూడదు, అదీ అంచులు పట్టుకునే. నోటితో ఊదితే ఇక అంతే. "తుంపర్లు పడతాయబ్బా! అదేమన్నా వేడి కాఫీనా ఊదడానికి?" అని, నొక్కితే గాలి వదిలే రబ్బరు బుడ్డి చేతిలో పెట్టేది. ఫిల్ము మీద చిన్న నలక పడినా బొమ్మలో తెల్లచుక్కై కూర్చుంటుంది. దాన్ని తర్వాత కంప్యూటర్లో తుడిచేయొచ్చని నా వాదన. అసలు పడకుండా చూసుకోవాలని ఆమె పట్టు.

ఒక శ్రావణ శనివారం ఫొటోగ్రాఫర్లమంతా గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయాం. పాపాఘ్ని ఒడ్డున భోజనాలయ్యాక ఎవరో "మీ అక్క కతేందప్పా, గదిలోకి ఎవర్నీ రానీయదంట" అని కదిపారు. నేను లేచి, తువ్వాలు తలకు చుట్టి, నీళ్లు చిలకరించి, చేతులు పైకెత్తి పట్టుకుని ఆమెలా నడిచి చూపించాను. "దూరం దూరం! మడి, మడి!" అన్నాను. ఆ మడి అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. నవ్వుకోసం నేనే చేర్చాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు గండిలో ఆగలేదు. ఊరూరూ తిరిగే కొద్దీ దాని రూపం మారింది. ఫలానా వాళ్ల ఫిల్మయితే ఆమె ముట్టదన్న మాటగా జమ్మలమడుగుకు చేరింది. నాకది తెలుసు. ఊరుకున్నాను.

అలాంటప్పుడే ఖాసీం మామ వచ్చాడు. జమ్మలమడుగులో మా వీధిలోనే టైలరు. వాళ్లమ్మ చనిపోయి చాలా కాలమైంది. ఆమెది మిగిలింది ఒకే ఒక్క నలుపు తెలుపు నెగెటివ్. అక్క వీధి గదిలో ఎవరితోనో మాట్లాడుతుండగా, మామ గొంతు తగ్గించి, "మీ అక్క దీన్ని ముట్టదంట గదా, నువ్వే చెయ్యి రమణా" అన్నాడు. కాదని చెప్పాల్సిన చోట నేను నవ్వి తీసుకున్నాను. ఉక్కగా ఉందని ఫ్యాను కూడా వేసుకున్నాను. తెర మీద బొమ్మ నిండా తెల్లచుక్కలు. దుమ్ము తీసే మీట నొక్కాను. ఒక్క చుక్క లేకుండా అద్దంలా వచ్చింది. గర్వంగా చూపించాను.

మామ తెర దగ్గరికి వంగి చూశాడు. "మా యమ్మ పుడక యాడ?"

ముక్కుపుడక మెరుపూ తెల్లచుక్కే. కంప్యూటర్ దాన్నీ నలక కింద జమకట్టి తుడిచేసింది.

"మా నాయన ఇంకా బతికే ఉండాడు రమణా. ఆయన కండ్ల ముందర మా యమ్మను బోసిముక్కుతో నిలబెట్టమంటావా?"

ఆ గొంతుకు అక్క లోపలికి వచ్చింది. తెర చూసింది, తిరుగుతున్న ఫ్యాను చూసింది. ఫ్యాను ఆపి చేతులు కడుక్కుని, మామకు ఒక తలగుడ్డ ఇచ్చింది. "నువ్వూ కడుక్కో అన్నా. వచ్చి ఈడ కూర్చో."

"నేనా? మీకు మడి గదమ్మా..."

"మడా? దుమ్ము కోసమన్నా ఇదంతా! నీ తలలో దుమ్మయినా, నా తలలో దుమ్మయినా ఫిల్ము మీద పడితే ఒకటే."

మామ తలగుడ్డతో బుద్ధిగా కూర్చున్నాడు. గదిలో గాలి కదలకుండా అయ్యేదాకా ముగ్గురం చెమటలు కార్చుకుంటూ కూర్చున్నాం. అక్క మెత్తని కుంచెతో ఫిల్మును నిమిరి, బుడ్డితో ఊది, మళ్లీ స్కాన్ చేయించింది. ఈసారి చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. బొమ్మలో వెనక గోడ మీదివి నన్ను తుడవమంది. ముఖం మీదివి మాత్రం మామను పక్కన పెట్టుకుని, "ఇది నలకేనా? ఇది కమ్మల మెరుపా?" అని అడిగి అడిగి తీసింది. భుజం మీదుగా ఒక గీత మిగిలింది. "దాన్ని ఉండనీమ్మా, పుడకొచ్చింది, సాలు" అన్నాడు మామ. వెళ్తూ, తలగుడ్డ తీసి మడతపెట్టి ఆమె చేతికే ఇచ్చాడు.

ఆయన మెట్లు దిగాక అక్క నా వైపు తిరిగింది. "గండిలో నా మాదిరే నడిచినావంట. ఏదీ, ఒకసారి చూపియ్యి."

వద్దక్కా అన్నాను. వదల్లేదామె. తువ్వాలు చుట్టుకుని నడిచాను. "ఛీ, అట్ల నడుస్తానా నేను? నడుము ఇంకొంచెం తిప్పు" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుంది. "ఎన్నాళ్లైనా నవ్వుకోండప్పా. దుమ్ము కోసమని ఒక్క మాట చెప్పింటే సాలు గదా."

ఆమెకు క్షమాపణ చెప్పాను. చెప్పాల్సిన మిగతావాళ్లకు చెప్పలేదు. గండిలో నవ్వినవాళ్లలో ఒక్కరి దగ్గరికీ పోలేదు. ఆమె మాత్రం నన్ను తీసేయలేదు, స్టూడియో వదిలి పులివెందులకు పోయేటప్పుడు ఆ గది నాకే అప్పగించింది. కర్మ రోజు ఆ పాత ఫొటోగ్రాఫరుకు విస్తరి ముందే జరిగిందంతా చెప్పాను. విని, "అయ్యో, మేం ఇంకోలా అనుకుంటిమే" అన్నాడు. ఆయన ఒక్కడికి చెబితే సరిపోదనిపించి ఇది రాశాను.

ఇప్పుడు నా దగ్గరికి ఫిల్ములు తెచ్చేవాళ్లను బయట నిలబెట్టను. లోపలికి పిలిచి పీట వేస్తాను. తలగుడ్డ ఇస్తే కొందరు ఏమిటిదన్నట్టు చూస్తారు. ఫ్యాను మీట మీద చెయ్యి పెట్టి, వాళ్లు అడగకముందే చెబుతాను: "దుమ్ము కోసం."